రెండు చేతుల నియమం

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

పొద్దున్నే గొలుసు చూసి వచ్చాను. బిగువు సరిగానే ఉంది. అలలను ఆపే రాతికట్ట లోపల కట్టేసుకున్న తేలే లంకలకు గొలుసు చూడటం పళ్ళు తోముకోవటం లాంటిది, ఒక పూట మానేసినా ఎవరూ చచ్చిపోరు. కట్ట బయట ఉన్నవాళ్ళ సంగతి వేరు.

తెప్పల అడుగున పట్టిన గుల్లలు గీకే వంతు ఈ వారం మా ఇంటిది. అంచున బోర్లా పడుకుని, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి గీకుతున్నాను. వెనక అత్తయ్య ఆవకాయ జాడీలను వరసగా పెట్టి తడిగుడ్డతో తుడుస్తోంది. ఆ జాడీలు నేల ఉన్న కాలంలో కాల్చినవి. పగిలితే మళ్ళీ దొరకవు. మా వడ్డిలంక కట్ట లోపలికి వచ్చాక ఒక్కటీ పగల్లేదని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

"రేపు అష్టమి. సభకి పోవాలా?" అంది.

"పోవాలత్తయ్యా."

"అష్టమినాడే పెట్టాలని ఏ పుణ్యాత్ముడు కనిపెట్టాడో. మంచి పని ఏదీ ఆ రోజు మొదలెట్టరు."

"అష్టమికి పోటు తక్కువ. ఓడ ఊగదని."

"ఓడ ఊగదులే. అందులో ఉన్నోళ్ళు ఊగుతారు."

మధ్యాహ్నం కట్ట బయట ఉన్న పెసరలంక నుంచి చాటింపు పడవ వచ్చింది. డప్పు పట్టుకున్నది ఒక ముసలావిడ. పడవ మధ్యలో గుడ్డ ఉయ్యాల, అందులో నెలల పిల్ల. మా లంకపెద్ద సూరన్న గారు, మా ఆయనకు పెదనాన్న కొడుకు, అంచుకు వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టారు.

"పండగ రోజుల్లో డప్పేంటమ్మా. మా ఆడోళ్ళు పూజల్లో ఉన్నారు. ఎల్లుండి రా."

"ఎల్లుండికి సబ అయిపోద్ది కద బాబూ. రేపే మా అమ్మాయి తీర్మానం పెడతది."

"అయితే పై అష్టమికి పెట్టుకోమను. తొందరేముంది?"

ఆవిడ నా వైపు చూసింది. నేను పూజలో లేను. గీకుడుకత్తితో, తడిసిన చీరతో అక్కడే ఉన్నాను. మంచినీళ్ళు కావాలా అని మాత్రం అడిగాను. చెంబు ఇస్తే సగం తాగి, మిగతాది ఉయ్యాల గుడ్డ మీద చిలకరించింది, పిల్లకు ఎండ వేడి తగలకుండా.

"పేరేంటి?" అన్నాను, పిల్లను చూపించి.

"ఈ యేటి పెద్ద గాలివాన ఎల్లాక పెడతాం తల్లీ. మా కాడ అంతే. నా పేరు గన్నెమ్మ. సల్లగుండు."

పడవ వెనక్కి తిరిగింది. డప్పు మోగలేదు.

శుద్ధ అష్టమి

సభ ఓడలో నా పేరు అభ్యంతరాల హైమవతి. ముందు ఎగతాళికి పెట్టారు, ఇప్పుడు మర్యాదగానే పిలుస్తున్నారు. విశ్వవిద్యాలయ ఓడలో నేను చదివింది సభా నియమాలే. మా మాస్టారు ఒక మాట అనేవారు: బలం ఉన్నవాడికి నోరు చాలు, బలం లేనివాడికి నియమం కావాలి. ఆ మాట నమ్మి ఈ పనిలోకి వచ్చాను. నమ్మకం పోలేదు గాని, నేను ఎవరి తరఫున ఉన్నానో అప్పుడప్పుడూ అర్థం కాదు.

సభలో మాట్లాడాలంటే పలుకుతాడు పట్టుకోవాలి. అధ్యక్షుడి బల్ల దగ్గర మొదలై ప్రతి సభ్యుడి ముందు నుంచీ పోయే పాత కొబ్బరినార తాడు. లోపల తీగ ఉంది. ఆ తీగ గుండా పోయిన మాట గొలుసు యంత్రానికి చేరుతుంది. సభ ఒప్పుకున్నదాన్ని యంత్రం ఆ పూటే చేసేస్తుంది, ఏ లంక గొలుసు వదలాలో, ఏది లాగాలో. మళ్ళీ అడగదు. అందుకే మా దగ్గర నియమాలంటే అంత పట్టింపు.

పెసరలంక సభ్యురాలు నూకరత్నం ఈ యేడే కొత్తగా వచ్చింది. వలలు అల్లే మనిషి. తాడు పట్టుకున్న తీరులోనే అది తెలుస్తుంది, ముడి ఎక్కడ బలహీనంగా ఉందో వేలితో తడుముతూ మాట్లాడింది.

"అధ్యక్షా, మా గొలుసులు పాతయ్యండి. ఏటినీళ్ళకి చేసినయ్యి, సముద్రానికి కాదు. వడ్డిలంక గొలుసులు కొత్తయ్యి, బయట కూడా తట్టుకుంటాయి. ఈ గాలివాన నెలలు మమ్మల్ని ఆళ్ళ సోటులో ఉండనిచ్చి, ఆళ్ళని మా సోటుకి పంపమని అడుగుతున్నానండి. ఎండాకాలం రాగానే ఎవల సోటుకి ఆళ్ళం."

తప్పు పట్టడానికి ఒక్క ముక్క లేదు. లోపలి చోటు ఎవరి సొంతమూ కాదు, కాబట్టి ఇవ్వనని అనటానికి వీల్లేదు. నియమం చూపించగలిగితేనే ఆపవచ్చు.

నేను తాడు అందుకున్నాను.

"అభ్యంతరం అధ్యక్షా. చోటు మార్చే తీర్మానానికి ముందు రెండు లంకల్లోనూ చాటింపు పడాలి. వడ్డిలంకలో పడలేదు."

నూకరత్నం నా వైపు తిరిగింది. "మా అమ్మ ఎల్లిందండి. ఆళ్ళే ఎనక్కి పంపేశారు."

అధ్యక్షుడు అప్పలకొండ గారు కళ్ళజోడు తీశారు. పెద్దమనిషి, విసుగు తెలియనివ్వరు. "ఎవరు పంపారన్నది తరవాతమ్మా. డప్పు మోగిందా లేదా?"

"మోగలేదండి."

"అభ్యంతరం నిలబడింది. పై అష్టమికి."

బల్లలు చరిచారు. మంచి అభ్యంతరానికి బల్లలు చరవటం మా ఆనవాయితీ, ఆ తరవాత టీ ఇస్తారు. ఆ టీ తాగాను. నేను చెప్పింది అబద్ధం కాదు కదా అని తాగుతున్నంతసేపూ అనుకున్నాను. అబద్ధం కాని మాటకు అంతసేపు నచ్చజెప్పుకోవలసిన పని ఉండదు.

బహుళ పాడ్యమి

పౌర్ణమి పోటుకు తోడు గాలి లేచింది. తుఫాను కాదు, ఒక పూట గాలి. కట్ట లోపల మాకు తలుపులు కొట్టుకున్నాయి, ఆరేసిన రొయ్యలు ఎగిరిపోయాయి. అత్తయ్య జాడీలకు పాత చీరలు చుట్టింది. అంతే.

సాయంత్రం రేడియోలో చెప్పారు. పెసరలంక చివరి వరస తెగిపోయింది. ఇళ్ళలో ఉన్నవాళ్ళను పడవల్లోకి లాగారు. ఒక ముసలామె దొరకలేదు.

పేరు చెప్పలేదు. వైర్‌లెస్‌లో అడగొచ్చు, సభ్యురాలిగా నాకు ఆ హక్కు ఉంది. అడగలేదు.

"పాపం," అంది అత్తయ్య. మళ్ళీ తనే, "మనం అక్కడుంటే మన వరస తెగేదా?" అంది.

"తెగదు. మన గొలుసులు కొత్తవి."

ఆవిడ జాడీకి చుట్టిన చీర ముడి బిగించింది.

బహుళ అష్టమి

ఈసారి చాటింపు పడింది. ఎవరో మగమనిషి వచ్చి కొట్టాడు. గన్నెమ్మ రాలేదేమా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

నూకరత్నం సభకు పిల్లతో వచ్చింది. పిల్ల చంకలో నిద్రపోతోంది, కింద అదే ఉయ్యాల గుడ్డ. ఆ గుడ్డను నేను గుర్తుపట్టాను. తెలియలేదని ఇక్కడ రాస్తే అబద్ధం అవుతుంది. తెలుసుకోలేదు అని రాయాలి.

ఎడం చంకలో పిల్ల, కుడి చేత్తో తాడు. "అధ్యక్షా" అని మొదలుపెట్టింది. పక్క వరసల్లో ఇద్దరు ముగ్గురు నా వైపు చూశారు, చిరునవ్వుతో. మంచి వంట చేసేవాళ్ళ వైపు పెళ్ళిలో చూస్తారే, అలా. వాళ్ళు గమనించేలోపే నేను గమనించాను. నిజం చెప్పాలంటే, ఆమె మెట్లు ఎక్కుతుండగానే గమనించాను.

రెండు చేతుల నియమానికి కారణం ఉంది. మా నాన్న కాలంలో ఒక సభ్యుడు ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో విసురుతూ, "మేం అంత బరువైతే మా లంక గొలుసు కూడా విప్పేయండి" అన్నాడు. ఎత్తిపొడుపు. సభలో అందరికీ అర్థమైంది. యంత్రానికి అర్థం కాలేదు, సొంత లంక గురించి అయితే దానికి సభ్యుడి మాటే చాలు. అధ్యక్షుడు ఆపేలోపే గొలుసు వదిలేసింది. ఆ లంక మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఆ తరవాతే నియమం రాశారు: విసరటానికి చెయ్యి ఖాళీగా ఉంటే మాట కూడా విసురుగా వస్తుంది, కాబట్టి రెండు చేతులూ తాడు మీదే ఉండాలి.

ఇంత మంచి కారణం ఉన్న నియమాన్ని నేను తీసి వాడాను.

"అభ్యంతరం అధ్యక్షా. సభ్యురాలి రెండో చెయ్యి తాడు మీద లేదు."

అప్పలకొండ గారు నా వైపు కొంచెంసేపు చూశారు. తరవాత ఆమెతో, "పిల్లని ఎవరికైనా ఇచ్చి మాట్లాడమ్మా," అన్నారు.

"ఎవలికివ్వనండి?"

లోపలికి సభ్యులూ చంటిపిల్లలూ తప్ప ఎవరూ రాకూడదు. సభ్యులందరూ తమ ముందున్న తాడు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరి చేతులూ ముందుకు రాలేదు. నావీ రాలేదు.

"ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేరా?"

"ఉండేదండి. లేదిప్పుడు."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. అధ్యక్షుడు నియమాల పుస్తకం మూసి, "అభ్యంతరం నిలబడింది" అన్నారు. పై అష్టమికి అని చెప్పేటప్పుడు, కార్తీక పౌర్ణమి నాటికి వాయుగుండం రావచ్చని వాతావరణ ఓడ నుంచి వచ్చిన కబురు కూడా చదివారు. బల్లలు చరిచారు. ఈసారి కొంచెం తక్కువ.

టీ దగ్గర కొత్తపాలెం సభ్యుడు నా పక్కకు వచ్చి, "గట్టి పాయింటే పట్టారండి," అన్నాడు. "కానీ పాపం, మొన్న గాలికి పోయింది ఆవిడ తల్లే కదండీ. పిల్లని ఆవిడే చూసేదంట."

"అవునా," అన్నాను.

ఆ ఒక్క ముక్కే అన్నాను. కొత్త సంగతి విన్నట్టు కనుబొమ్మలు కూడా ఎత్తాను.

బహుళ దశమి

పెసరలంకకు వెళ్ళి ఒక మాట చెప్పి వద్దామని చిన్న పడవ తీశాను. ఏం మాట అన్నది అనుకోలేదు. ఉత్త చేతులతో ఎలా వెళ్ళడం అని అత్తయ్యను అడిగి ఒక ఆవకాయ జాడీ పెట్టుకున్నాను. జాడీ పోతుందేమోనని ఆవిడ బాధపడింది గాని, ఎవరికో తెలిశాక ఏమీ అనకుండా కొత్త గుడ్డ వాసెన కట్టి ఇచ్చింది.

రాతికట్ట దాటగానే నీళ్ళ రంగు మారుతుంది, అల పొడుగవుతుంది. దూరంగా పెసరలంక చివర కనిపించింది. తెగిన చోట తాళ్ళు నీళ్ళలో వేలాడుతున్నాయి. ఎవరో ఇద్దరు వాటిని లాగి చుట్టలు చుడుతున్నారు. ఒకరు ఆడమనిషి. ఆమేనో కాదో.

ఆవకాయ. తల్లి పోయిన మనిషికి ఆవకాయ పట్టుకెళ్తున్నాను. దాన్ని చేతికిచ్చి ఏమనాలి? మా నియమం ప్రకారం మీ అమ్మ కొట్టని డప్పు మోగనట్టే అనా?

పడవ తిప్పేశాను.

"జాడీ తిరిగొచ్చిందేం?" అంది అత్తయ్య.

"ఉరవడి ఎక్కువగా ఉంది. వెళ్ళలేకపోయాను."

ఆవిడ నీళ్ళ వైపు చూసింది. చెరువులా ఉంది. "ఊఁ, ఉరవడే," అని జాడీ తీసుకెళ్ళి దాని చోట పెట్టేసింది.

కార్తీక శుద్ధ షష్ఠి

రాత్రి వంటకు చేపలు తోముతుంటే సూరన్న బావగారు వచ్చారు. మా ఆయన వేటకు పోయి ఉన్నాడని తెలిసే, గుమ్మం బయటే పీట వేయించుకుని కూర్చున్నారు. మాట మర్యాదగానే మొదలుపెట్టారు.

"ఎల్లుండి సభ. మన వాళ్ళంతా నీ మీదే పెట్టుకున్నారమ్మా. ఇంకేదన్నా ఉందా?"

"ఉంది," అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అడగ్గానే వచ్చేసింది. పరీక్షలో ముందు నేనే చెయ్యెత్తాలన్న పిల్ల ఒకతి ఇంకా నాలో ఎక్కడో కూర్చుని ఉంది, దానికి ప్రశ్న వినబడితే చాలు.

"ఏంటది?"

"చోటు మార్చే ముందు రెండు చోట్లా నీళ్ళ లోతు కొలవాలి. కొలత తీర్మానం పెట్టిన నెలలోనే ఉండాలి. వాళ్ళు ఇచ్చింది ఆశ్వయుజంలోది. ఇప్పుడు కార్తీకం."

ఆయన మోకాళ్ళ మీద చరుచుకుని నవ్వారు. "అబ్బో. చదువంటే నీదమ్మా. మళ్ళీ కొలిచి, మళ్ళీ తీర్మానం పెట్టేసరికి గాలివాన వచ్చీ పోతుంది కూడా."

"ఆ వాన వాళ్ళ మీద నుంచి పోతుంది బావగారూ."

"మన మీద నుంచి పోతే బావుంటుందా?"

"మన గొలుసులు తట్టుకుంటాయి."

"తట్టుకుంటాయనేగా, అనుకోవడం. చూడమ్మా, ఆళ్ళ మీద నాకేం కోపం లేదు. ఎవడి లంక ఆడు చూసుకోవాలి. నిన్ను పంపింది ఇందుకే కదా?"

లేస్తూ, లోపల అత్తయ్యకు వినబడేలా, "పిన్నీ, నీ జాడీలకేం ఢోకా లేదు," అన్నారు.

ఆయన వెళ్ళాక అత్తయ్య బయటికి వచ్చి, "నా జాడీలని అడ్డం పెట్టుకోవద్దని ఆడికి చెప్పు," అంది. తరవాత నా వైపు చూసి, "నీకూనూ," అంది.

ఎల్లుండి ఆ అభ్యంతరం లేవదీయను. ఇలా రాసి పెట్టుకుంటే ఉంటానని రాస్తున్నాను. కానీ చెప్పలేను. నా ముందు తాడు ఉండి, ఎదుటి మనిషి నియమం తప్పుతుంటే, చెయ్యి దానంతట అదే పోతుంది. ఇన్నేళ్ళుగా అదే నేనని పిలిపించుకున్నాను.

కార్తీక శుద్ధ అష్టమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నూకరత్నం పిల్లతోనే వచ్చింది. తన చోటుకు వెళ్ళలేదు. నేరుగా వరసల మధ్య నడిచి నా దగ్గరికి వచ్చింది. మాట్లాడలేదు. వంగి పిల్లను నా ఒళ్ళో పెట్టి, ఉయ్యాల గుడ్డ చుట్టూ సర్ది, నా ఎడం చేతిని తీసి పిల్ల మెడ కింద పెట్టింది, కుడి చేతిని నడుము కింద. చేపల బుట్ట అప్పజెప్పినట్టు చేసింది అంతా. నేను బొమ్మలా పెట్టనిచ్చాను.

తరవాత వెళ్ళి రెండు చేతులతో తాడు పట్టుకుంది.

సభలో ఎవరో చిన్నగా నవ్వారు. అప్పలకొండ గారు బల్ల తట్టారు.

ఆమె తీర్మానం మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. అవే మాటలు. తల్లి గురించి ఒక్క మాట లేదు. చివరి వరస తెగిందని కూడా తన నోటితో చెప్పలేదు, గొలుసుల వయసు మాత్రం చెప్పింది. లోతు కొలత చదివింది. ఆశ్వయుజం అంది.

నా కుడి చెయ్యి కదిలింది. రాయక తప్పదు, కదిలింది. పిల్ల నడుము కింద వేళ్ళు సగం తీశాను. తీయగానే పిల్ల తల పక్కకు వాలి, నిద్రలో ముఖం ముడుచుకుంది. మళ్ళీ పెట్టేశాను.

"వడ్డిలంక వైపు నుంచి ఏదైనా అభ్యంతరం?" అన్నారు అధ్యక్షుడు. అది మూడుసార్లు అడుగుతారు. చూపించకపోతే సమ్మతించినట్టు రాస్తారు.

పిల్ల ఒంటి వేడి నా చీరలోంచి తెలుస్తోంది. తల దగ్గర ఉప్పు వాసన, పాల వాసన.

"వడ్డిలంక?"

పక్కన కొత్తపాలెం సభ్యుడు నా వైపు వంగి, పిల్లను తాను పట్టుకుంటానన్నట్టు చేతులు చాపాడు. మర్యాదకే. పోయినసారి రాని చేతులు. ఇవ్వొచ్చు. ఇస్తే తాడు అందుతుంది. ఇవ్వాలా అన్న ఆలోచనలోనే ఉన్నాను. ఇవ్వకూడదని నిర్ణయించుకోలేదు. నిర్ణయించుకున్నానని ఎప్పటికైనా చెప్పుకుంటానేమోనని ఇక్కడ ఇలా రాస్తున్నాను.

"మూడోసారి. వడ్డిలంక?"

ఆలోచన ఇంకా పూర్తి కాలేదు.

"సమ్మతి. తీర్మానం నెగ్గింది."

బల్లల మోతకు పిల్ల లేచి ఏడ్చింది. అప్పలకొండ గారు లేచి నిలబడ్డారు, ఆయన అలా నిలబడటం నేను చూడలేదు. "హైమవతి గారి దగ్గర నియమం దొరకని తీర్మానం ఉండదని మనందరికీ తెలుసు. ఈరోజు ఆవిడ మౌనంగా ఉన్నారంటే అది ఎంత పెద్ద మనసో వేరే చెప్పక్కర్లేదు," అన్నారు. అందరూ బల్లలు ఇంకా గట్టిగా చరిచారు.

నూకరత్నం పిల్ల కోసం వచ్చింది. ఆమె నా మీద నమ్మకంతో పిల్లను ఇచ్చిందని, ఏదో క్షమించిందని, ఆ కొంచెంసేపట్లోనే నేను ఒక కథ అల్లుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"నూకరత్నం గారూ, మీ అమ్మగారి సంగతి..." అన్నాను.

"సూడండి," అంది, పిల్లను భుజం మీద వేసుకుంటూ, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా. "ఆ సేతులు కాళీగా ఉంటే మళ్ళీ లేత్తారని ఎట్టాను. ఇంకేం కాదు."

పిల్ల వీపు మీద తడుతూ వెళ్ళిపోయింది.

శుద్ధ దశమి

కట్ట బయట ఉన్నాం. గొలుసు యంత్రం మొన్న ఆ పూటే మమ్మల్ని లాక్కొచ్చి పెట్టింది. రోజుకు పొద్దునా సాయంత్రం గొలుసు చూస్తున్నాను. ఇప్పుడది అలవాటు కాదు. సూరన్న బావగారు నాతో మాట్లాడటం లేదు. ఆయన ఒక్కడికే అనుమానం, నేను కావాలని చేశానని. మిగతా లంకంతా ముందు తిట్టింది, తరవాత రేడియోలో "వడ్డిలంక త్యాగం" అని చెప్పేసరికి తిట్లు ఆపి తలెత్తుకుని తిరుగుతోంది.

చెప్పేద్దామా అని చూశాను. సభలో తాడు పట్టుకుని, నాది పెద్ద మనసు కాదు, నా చేతులు ఖాళీ లేవు అంతే అని. కానీ ఏ అభ్యంతరం ఆపుకున్నానో చెప్పకుండా ఆ మాట చెప్పటం కుదరదు. కొలత పాతదని నా నోటి నుంచి తాడులోకి పోతే తీర్మానం చెల్లదు, యంత్రం ఆ పూటే రెండు లంకలనూ ఎక్కడివక్కడ పెట్టేస్తుంది. పెసరలంక మళ్ళీ బయటికి.

కాబట్టి చెప్పను. ఆ పొగడ్త ఒంటి మీద వేసుకుని తిరగాలి. ఇక్కడ తాడు లేదు కనక ఇక్కడ రాస్తున్నాను.

బహుళ విదియ

తుఫాను వచ్చి పోయింది. ఒక రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకా. ఇల్లు పల్లకీలా ఊగింది. అత్తయ్యా నేనూ మంచానికి కట్టుకుని పడుకున్నాం. ఆవిడ భయం తెలియకుండా సభ్యులందరినీ పేరుపేరునా తిట్టింది, నన్ను కలుపుకుని.

గొలుసు తట్టుకుంది. నూకరత్నం చెప్పినట్టే. మా వరసల్లో ఒక్కటీ తెగలేదు. పెసరలంకలో అందరూ క్షేమం అని రేడియో చెప్పింది. ఆ గొలుసులు బయట ఉంటే లంక మొత్తం పోయేదని కూడా చెప్పింది.

మా ఇంట్లో రెండు జాడీలు పగిలాయి. అత్తయ్య పెంకులు ఏరి చేటలో వేసింది. నూనె చెక్కల మధ్య నుంచి కారి నీళ్ళ మీద రంగులు రంగులుగా తేలింది.

"ఇంతేనా," అంది.

పోయినవి ఇంతేనా అని అడిగిందో, ఇందుకేనా అని అడిగిందో నేను అడగలేదు. చేట తీసుకెళ్ళి పెంకులు సముద్రంలో పోశాను.

బహుళ అష్టమి

ఈరోజు సభ నాకు కృతజ్ఞత తీర్మానం పెట్టింది. దానికీ ఒక పద్ధతి ఉంది. కృతజ్ఞత అందుకునే సభ్యుడు రెండు చేతులతో తాడు పట్టుకుని "స్వీకరిస్తున్నాను అధ్యక్షా" అనాలి. అనకపోతే ఎందుకని విచారిస్తారు. విచారిస్తే అంతా బయటికి వస్తుంది, కొలతతో సహా. గాలివానల నెలలు ఇంకా అయిపోలేదు.

సభ మొదలవకముందు మెట్ల దగ్గర నూకరత్నం ఎదురైంది. పిల్ల మెలకువగా ఉంది. నన్ను చూసి, ఎరిగినదాన్ని చూసినట్టు చెయ్యి చాపింది. పిల్లలకేం తెలుసు.

"పేరు పెట్టారా?" అన్నాను.

"ఎట్టామండి."

ఆమె చెప్పలేదు. ఏం పేరు అని అడగటానికి నాకు నోరు రాలేదు. అడగక్కర్లేదు కూడా.

నా పేరు పిలిచారు. లేచాను. ఈసారి నా ఒళ్ళో ఏమీ లేదు. రెండు చేతులూ తాడు మీద పెట్టాను. నార గరుగ్గా ఉంది, ఒకచోట ముడి వదులుగా ఉంది, ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

"స్వీకరిస్తున్నాను అధ్యక్షా," అన్నాను.

ఆ ముడి వైపే చూస్తూ తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. సభ సభంతా బల్లలు చరిచింది, ఎదుటి వరసలో ఒక్క మనిషి తప్ప. ఆమె రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది, అందుకే చరవలేదని అందరూ అనుకున్నారు. చేతులు ఖాళీ లేకపోవటం అంటే ఏమిటో ఆ సభలో తెలిసినదాన్ని నేను కాబట్టి, నేను మాత్రం అలా అనుకోలేకపోయాను.